రెడ్డిగూడెం దారిలో బావ అడిగిన మాట

అక్క పోయిన రెండు నెలలకి బావ సైకిలు కొన్నాడు. గేర్ల సైకిలు, నడుం వంచి తొక్కేది. జగ్గయ్యపేటలో మా చుట్టాలందరూ దాని గురించి తలా ఒక మాట అన్నారు. అరవై దాటిన మనిషికి ఈ వయసులో హెల్మెట్టూ చేతి తొడుగులూ ఏంటని కొందరు, పెళ్ళాం పోయిన మనిషి చేసే పనేనా ఇది అని కొందరు. బావ మాత్రం పొద్దున ఐదున్నరకల్లా ఇంట్లోంచి బయటపడి, హైవే మీద గరికపాడు చెక్‌పోస్టు దాకా వెళ్ళి, ధాబా ముందు ఆగిన లారీల మధ్య నిలబడి టీ తాగి వెనక్కి వచ్చేవాడు.

"ఆ టైముకి మీ అక్క లేచి కాఫీ పెట్టేది. ఆ టైముకి ఇంట్లో ఉండలేకపోతున్నాన్రా" అని నాకు ఒక్కడికే చెప్పాడు.

నేను నందిగామలో ఉంటాను, ప్రభుత్వాఫీసులో గుమస్తాని. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ చేయాల్సినవి సగం నాకు ఆవిడే చేసింది. చక్కెర జబ్బు కిడ్నీల మీదికి వచ్చి, ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు విజయవాడ తిరిగి తిరిగి, పోయిన వానాకాలంలో వెళ్ళిపోయింది. దానికి నెల ముందే బావ హైస్కూలులో సోషల్ టీచరుగా రిటైరయ్యాడు. ఒక్క నెలలో ఆయనకి పొద్దున వెళ్ళాల్సిన చోటూ పోయింది, సాయంత్రం ఎవరి కోసం తిరిగి రావాలో ఆ మనిషీ పోయింది.

మా ఆవిడ నాతో గట్టిగానే చెప్పింది. "అన్నయ్యని ఒక్కణ్ణీ రోడ్ల మీదికి వదలొద్దండి. మీరు కూడా ఒక సైకిలు తీసుకోండి." తీసుకున్నాను. మొదట్లో పది కిలోమీటర్లకే నాకు తొడలు పట్టేసేవి. సంక్రాంతి దాటేసరికి ఇద్దరం అరవై, డెబ్బై తొక్కుతున్నాం. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి మా పెద్ద సవారీలన్నీ రెండో శనివారాలే.

మార్చిలో ఒక శనివారానికి బావ పెద్ద దారి గీశాడు. ఆయన ముందురోజు సాయంత్రమే జగ్గయ్యపేట నుంచి మా ఇంటికి తొక్కుకుంటూ వచ్చేయాలి. తెల్లవారుతుండగా నందిగామలో బయలుదేరి, వీరులపాడు మీదుగా మైలవరం, అక్కణ్ణించి కొండల మధ్యగా రెడ్డిగూడెం, అక్కడి మామిడి తోటలు చూసి మళ్ళీ అదే దారిన వెనక్కి. నూట పాతిక కిలోమీటర్ల పైమాటే. సోషల్ మాస్టారు కదా, కాగితం మీద మ్యాపు గీసి, ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో రాసుకున్నాడు.

వీరులపాడు దాకా చల్లగా సాగింది. మిరప కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ తొక్కాం. మైలవరంలో ఇడ్లీలు తిన్నాం. ఆ తర్వాత రోడ్డు ఎక్కడం మొదలుపెట్టింది. ఒక ఎత్తు ఎక్కితే దిగుడు, దిగీ దిగగానే మరో ఎత్తు. రెండు పక్కలా మామిడి తోటలు, గట్ల మీద వరసగా తాటిచెట్లు, ప్రతి తాటి మొవ్వులోనూ కట్టిన కుండలు. గాలి వీస్తే కల్లు వాసన పుల్లగా తగిలేది. బావ నాకంటే ముందు వెళ్తున్నాడు. పైకి చేరాక ఆగి, వెనక్కి తిరిగి, "రారా, రా, ఆఫీసు కుర్చీ కాదది" అని కేకేసేవాడు. అక్క పోయాక ఆయన్ని అంత హుషారుగా చూడడం అదే మొదటిసారి.

పదిన్నరకి ఎండ నెత్తికెక్కింది. ఒక తోటలో చెట్ల నీడన సిమెంటు నీళ్ళ తొట్టి కనిపించింది. అడుగుదామంటే మనుషులెవరూ లేరు. బావ హెల్మెట్టు తీసి, తొట్టిలో భుజాల దాకా ముంచేశాడు తల. రెండుసార్లు, మూడుసార్లు ముంచి, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందిరా" అన్నాడు. నేను సీసాలు నింపుకుని ఇటు తిరిగేసరికి ఆయన తొట్టి గోడ మీద కూర్చుని, తడి జుట్టు నుదుటి మీదికి కారుతుండగా చుట్టూ చూస్తున్నాడు.

"ఇది ఏ ఊర్రా?"

"రెడ్డిగూడెం ఇంకో నాలుగు కిలోమీటర్లు, బావా."

"ఇక్కడికెందుకొచ్చాం?"

వేళాకోళం అనుకున్నాను. "మీరే తీసుకొచ్చారు" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. సైకిళ్ళ వైపు చూశాడు. "ఇవి ఎవరివి?" అన్నాడు. తర్వాత గుర్తొచ్చినట్టు, "ఇవాళ స్కూలు లేదా? టెంత్ పరీక్షలు దగ్గరకొచ్చాయిగా. మీ అక్కకి చెప్పే వచ్చామా?"

సీసాలు కింద పెట్టి దగ్గరికి వెళ్ళాను. పక్షవాతం అనుకున్నాను మొదట. రెండు చేతులూ పైకెత్తమన్నాను. ఎత్తాడు. నవ్వమన్నాను. "ఏంట్రా నీ పిచ్చి" అని నవ్వాడు, మూతి వంకర పోలేదు. నా పేరు చెప్పాడు, తన పేరు చెప్పాడు, కూతురు హైదరాబాదులో ఏ పని చేస్తుందో చెప్పాడు. మాట తొట్రుపాటు లేదు. ఒక్క నిమిషం ఊరుకుని మళ్ళీ చుట్టూ చూసి, అదే గొంతుతో, "ఇది ఏ ఊర్రా? ఇక్కడికెందుకొచ్చాం? ఇవాళ స్కూలు లేదా? మీ అక్కకి చెప్పే వచ్చామా?" అన్నాడు.

ఫోను తీశాను. సిగ్నలు లేదు. తోట చుట్టూ తిరిగాను, గట్టెక్కి చూశాను, లేదు. ఆయన్ని వదిలి రోడ్డు మీద దూరం వెళ్ళే ధైర్యం లేదు. నేను తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన నన్ను అప్పుడే చూసినట్టు చూసి అవే నాలుగు మాటలు అడుగుతున్నాడు. నాలుగోసారో ఐదోసారో నా వల్ల కాలేదు.

"అక్క లేదు కదా బావా" అన్నాను.

"లేదంటే? ఎక్కడికెళ్ళింది?"

"పోయింది బావా. ఎనిమిది నెలలయింది. మీరూ నేనే కదా సమాధి చేయించింది."

ఆయన ముఖంలో జరిగింది నేను ఈ జన్మకి మర్చిపోలేను. ఆసుపత్రి వరండాలో ఆ రోజు డాక్టరు బయటికొచ్చి చెప్పినప్పుడు ఉన్న ముఖమే అది. అణువణువూ అదే. గోడ మీంచి జారి నేల మీద కూర్చుండిపోయి, "నాకెందుకు చెప్పలేదురా ఎవరూ" అని పిల్లాడిలా ఏడ్చాడు. నేను పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి ఏడుపు దానంతట అదే ఆగింది. చెంపల మీద తడి చేత్తో తుడుచుకుని, ఆ తడి ఎక్కణ్ణించి వచ్చిందో తెలియనట్టు చెయ్యి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఇది ఏ ఊర్రా? మీ అక్కకి చెప్పే వచ్చామా?"

"చెప్పాం బావా" అన్నాను. "చెప్పే వచ్చాం."

రోడ్డు మీద మోటారు సైకిలు చప్పుడైతే పరుగెత్తాను. ఇద్దరు మగవాళ్ళు. బావకి బాగాలేదని, ఏం జరిగిందో గుర్తుండడం లేదని చెప్పాను. వాళ్ళు నా వెనక ఆయన వాలకం చూశారు. తడి బట్టలు, ఎర్రటి కళ్ళు. "పొద్దున్నే ఎక్కువ పట్టించారేంటండీ? ఇక్కడి కల్లు మీ ఊరి కల్లులా ఉండదు. పడుకోబెట్టండి, సాయంత్రానికి దిగుద్ది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఎవరూ చుక్క ముట్టని వాళ్ళం. ఆ సంగతి ఖాళీ రోడ్డుకి చెప్పుకున్నాను.

అప్పుడు గట్టు మీద ఒక తాటిచెట్టు పైనుంచి ఎవరో, "ఏవండీ, ఏమైందండీ?" అని పిలిచారు. నడుముకి మోకు బిగించుకున్న మనిషి సరసరా దిగి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. బావ ముందు గొంతుకు కూర్చుని ఆయన అడిగే మాటలు రెండు విడతలు ఓపిగ్గా విన్నాడు.

"ఇది కల్లు పని కాదండి" అన్నాడు నాతో. "ముప్పయ్యేళ్ళుగా తాగినోళ్ళని చూస్తన్నా. తాగినోడు మాట మార్చి మార్చి మాట్లాడతాడు. ఈయన అక్షరం మారకుండా అడుగుతున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోవాల. మా తమ్ముడికి ఆటో ఉంది, ఎల్లి పిలుచుకొస్తా. మా ఇంటిది ఇక్కడే ఉంది, ఆమె దగ్గర కూకోండి."

తోట చివర తాటాకు పాక. ఆయన భార్య చాప పరిచింది. ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తెచ్చింది. బావ గ్లాసు అందుకుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని తల వంచాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పైకే చేస్తాడు. ఇచ్చిన చేతుల్ని దీవించమన్నాడు. ఆ తర్వాత, "తండ్రీ, నా భార్య షుగరు అదుపులోకి తీసుకురా, వచ్చే వారం రిపోర్టులు మంచిగా రానివ్వు" అన్నాడు.

ఆమేన్ అనడానికి నా నోరు రాలేదు. ఆ ఇల్లాలు అంది. "ఆమెకేం కాదులే అన్నయ్యా" అని కూడా అంది. నేను తల అటు తిప్పుకున్నాను. ఆమెకి ఏం సైగ చెయ్యాలో కూడా తెలియలేదు.

ఆటో వచ్చేసరికి ముప్పావు గంట. సైకిళ్ళు పాకలో వదిలేసి మైలవరం బయలుదేరాం. కల్లు గీసే ఆయన కూడా మాతోపాటే ఎక్కాడు, బావ మధ్యలో, ఆయనొక పక్క, నేనొక పక్క. రెండు మలుపులు తిరిగాక ఫోనుకి సిగ్నలు వచ్చింది. నేను బావ కూతురికి ఫోను చేస్తుంటే బావ తన ఫోను తీసి అక్కకి చేశాడు. స్విచాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేశాడు.

"చూశావా మీ అక్క! ఛార్జింగ్ పెట్టుకోదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అవసరానికి ఒక్కనాడు ఎత్తదు ఈ మనిషి" అని విసుక్కున్నాడు. ఫోనులో అవతల మా మేనకోడలు ఆ మాటలు విన్నది. "మావయ్యా, నాన్న ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడిగింది. "నువ్వు విజయవాడ బయలుదేరమ్మా" అన్నాను అంతే. మైలవరం చేరేదాకా బావ పదకొండుసార్లో పన్నెండుసార్లో చేశాడు. ఫోను లాక్కుందామని చెయ్యి చాపాను. దేనికని లాక్కోవాలో అర్థం కాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మైలవరంలో కారు మాట్లాడుకుని విజయవాడలో పెద్దాసుపత్రికి చేరేసరికి రెండు దాటింది. తల స్కాన్ చేశారు, గుండె చూశారు. నరాల డాక్టరు చిన్న వయసావిడ. ఆవిడ వచ్చి బావకి మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. రెండు నిమిషాల తర్వాత అడిగితే, తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు.

"భయపడకండి" అంది నాతో. "పక్షవాతం కాదు, మతిమరుపు జబ్బు కూడా కాదు. ఒక్కోసారి బాగా అలిసిపోయినప్పుడు, ఉన్నట్టుండి చన్నీళ్ళు తల మీద పడ్డప్పుడు మెదడులో కొత్త సంగతులు దాచుకునే భాగం కాసేపు ఆగిపోతుంది. సాయంత్రానికి దానంతటదే వచ్చేస్తుంది. కాకపోతే ఈ కొన్ని గంటలు ఆయనకి ఎప్పటికీ గుర్తురావు."

"నేనేం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యడానికీ లేదండి. పక్కన కూర్చోండి. అడిగితే జవాబు చెప్పండి."

పక్కన కూర్చున్నాను. అడిగితే జవాబు చెప్పాను. అక్క ఇంట్లో ఉంది, అక్క నిద్రపోతోంది, అక్క అన్నం తినేసింది. ఒక్క మధ్యాహ్నంలో అక్క గురించి అన్ని అబద్ధాలు చెప్పాను. నాలుగింటప్పుడు ప్రశ్నల మధ్య ఎడం పెరిగింది. ఐదింటికి అడగడం మానేసి కిటికీ వైపు చూస్తూ పడుకున్నాడు. మేనకోడలు వచ్చేసరికి ఆరు. బిడ్డని చూసి, "నువ్వెప్పుడొచ్చావమ్మా?" అన్నాడు. కాసేపాగి, ఎవరినీ అడగకుండానే, "మీ అమ్మ ఉంటే కంగారు పడేది" అన్నాడు. మళ్ళీ అన్నీ తెలిశాయి ఆయనకి. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయనకి బాగయినందుకు నాకు సంతోషం కలగాలి. కలిగింది. కానీ ఆ మాటతో ఆయన ఇంట్లోంచి అక్క ఇంకోసారి వెళ్ళిపోయినట్టు కూడా అనిపించింది.

మర్నాడు ఇంటికి పంపించేశారు. వారం తర్వాత బావ నందిగామ వచ్చాడు, బస్సులో. మా వరండాలో కూర్చుని, "ఆ రోజు మైలవరంలో ఇడ్లీలు తినడం దాకా గుర్తుంది. తర్వాతది చెప్పరా. ఏదీ దాచకుండా చెప్పు" అన్నాడు. తొట్టి దగ్గర్నించీ మొదలుపెట్టి చెప్పాను. మొదటిసారి నిజం చెప్పి ఏడిపించిన సంగతి కూడా. ఆ తర్వాత అబద్ధాలాడిన సంగతి కూడా. తిడతాడనుకున్నాను. మజ్జిగ ముందు చేసిన ప్రార్థన కూడా మాట మారకుండా చెప్పాను.

"అప్పుడు నేనెట్టా ఉన్నా?" అని అడిగాడు. "మీ అక్క ఉందనుకుంటున్నప్పుడు."

ఆలోచించి ఉన్నదే చెప్పాను. "మామూలుగా ఉన్నారు బావా. ఫోను ఎత్తట్లేదని విసుక్కున్నారు."

"విసుక్కున్నానా?"

"బాగా."

ఆయన తల పంకించాడు. "నాకు కొంచెం కూడా గుర్తురావట్లేదురా" అన్నాడు. "ఎంత ప్రయత్నం చేసినా." ఆ గంటలు ఆయనవి, నా దగ్గర ఉండిపోయాయి. చెప్పగలిగినంత చెప్పాను. ఇవ్వడం నా చేతుల్లో లేదు.

సైకిళ్ళని ఆ కల్లు గీసే ఆయనే తమ్ముడి ఆటో మీద వేయించి మా ఇంటికి పంపాడు. కూతురు ఒట్టు వేయించుకుంది కాబట్టి బావ ఇప్పుడు దూరాలు తొక్కడం లేదు. పొద్దున చెక్‌పోస్టు దాకా వెళ్తాడు, టీ తాగుతాడు, బయలుదేరేముందు నాకొకసారి, తిరిగొచ్చాక ఒకసారి ఫోను చేస్తాడు. రెండో ఫోను పావుగంట ఆలస్యమైతే నేను ఆఫీసుకి తయారవుతున్న వాణ్ణి అలాగే చొక్కా చేత్తో పట్టుకుని కూర్చుంటాను. నేను బయలుదేరి అక్కడికి చేరడానికి ముప్పావు గంట పడుతుంది. ఈలోపు చేయగలిగింది ఏమీ లేదు.