ఎడమ చెవిలో వేలు

ఆమె పాట నేర్చుకున్నది ఎడమ చెవిలో వేలు పెట్టుకుని.

బడిలో డిసెంబరు రాగానే పాటల టీచరు పిల్లల్ని రెండు వరసలు చేసేది. రాగాన్ని పట్టుకుని పైన నడిచేది మొదటి గొంతు. దాని కింద నీడలా పాకేది రెండో గొంతు. అక్కది మొదటి గొంతు, ఆమెది రెండోది. రెండు వరసలూ కలిసే చోట అక్కచెల్లెళ్ళు పక్కపక్కనే నిలబడేవాళ్ళు. అక్క ఆమెకి ఎడమవైపు.

"మొదటి గొంతు వింటే జారిపోతారు," అనేది టీచరు రెండో వరసతో. "వాళ్ళ పాట తియ్యగా ఉంటుంది, పట్టుకుని లాగేస్తుంది. అటువైపు చెవి మూసుకోండి. మీది మీరు వినండి."

రెండో వరస పిల్లలంతా ఎడమ చెవుల్లో వేళ్ళు పెట్టుకునేవాళ్ళు. మొదటి వరసకి అలాంటి ఆజ్ఞ లేదు. కింది గొంతుకి ఎవరినీ లాగేంత బలం లేదని టీచరు నమ్మకం కాబోలు.

ఆ గదిలో సుద్దపొడి వాసన, తడిసిన బూట్ల వాసన కలిసి ఉండేవి. పిల్లల ఊపిరికి కిటికీ అద్దాలు మసకబారేవి. పియానోలో కొన్ని మెట్లు ఎప్పుడో మూగబోయాయి. రాగం ఆ మెట్ల దగ్గరకి రాగానే టీచరు ఆ స్వరాన్ని నోటితో అని, మళ్ళీ వేళ్ళకి అప్పగించేది. ఏటా క్రిస్మస్‌కి పాడే పాటల్లో ఒకటి టీచరు తనే కట్టింది. అది ఏ పుస్తకంలోనూ లేదు. నల్లబల్ల మీద రాసి, పిల్లల నోటికి రాగానే చెరిపేసేది. "కాగితం మీద ఉంటే గొంతు బద్ధకిస్తుంది," అనేది.

పశువుల పాకలో దీపం లేదు, అని మొదలయ్యేది ఆ పాట. దీపం లేని పాకలోకి వెలుగు ఎలా వచ్చిందో, కాపరులు చలికి చేతులు రుద్దుకుంటూ ఎటు నడిచారో, ఆ కథంతా మొదటి గొంతుది. రెండో గొంతుకి కథ లేదు. వచ్చేవాళ్ళ అడుగుల చప్పుడికి పసివాడు లేవకుండా, "మెల్లగా రా, మెల్లగా రా," అంటూ కింద కాపలా ఉండాలి. మూడో "మెల్లగా" చాలా పొడుగు. అక్కడ ఆమెకి ఊపిరి చాలేది కాదు. మాట మధ్యలో, "మెల్ల" దగ్గర ఆగి గుటుక్కున గాలి మింగేది. టీచరు ఎన్నిసార్లు తిట్టినా ఆ గుటక పోలేదు.

"నీకు ఆకలేస్తే ఇంటికెళ్ళి తిను, పాటని మింగకు," అనేది టీచరు.

అక్క నవ్వు ఆపుకోలేక దగ్గేది. ఆ దగ్గు మాత్రం మూసిన చెవికి కూడా వినిపించేది.

బడి అయిపోయింది. తరవాత బతుకంతా కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో గడిచింది. ఆమె పని అస్తరు వెయ్యడం. కోటు లోపల, ఎవరికీ కనపడని చోట నున్నటి బట్టని ముడతపడకుండా పరిచి కుట్టడం. పిన్నవాళ్ళు ఆమెని అస్తరత్త అంటారు. దర్జీ సుద్దతో బట్ట మీద గీత గీసినప్పుడల్లా ఆ సన్నటి పొడి వాసనకి ఆమె గొంతు దానంతటదే ఒక మెట్టు దిగి నిలబడేది. మిషన్ల రొదలో ఎవరికీ వినపడకుండా "మెల్లగా రా" అనుకునేది. ఏ నెలలోనైనా సరే, ఆ ఒక్క క్షణం ఆమెకి డిసెంబరే.

"కోటు కొనేవాళ్ళు ఎవరైనా లోపలికి చూస్తారా అత్తా?" అని ఒకసారి కాలర్లు కుట్టే అమ్మాయి అడిగింది.

"చలేస్తే చూస్తార్లే," అంది ఆమె.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. బావ పోయాక అక్క వచ్చి ఆమెతోనే ఉంది. మూడో అంతస్తులో రెండు గదులు. ఇంట్లో మాటంతా అక్కదే. అక్క ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పని చేసి మానుకుంది. "నోరు తెరవడానికి భయపడేవాళ్ళ చేత నోరు తెరిపించాను, నీ చేత మాత్రం రెండు మాటలు ఆడించలేకపోయానే," అనేది. ఆమె "ఊ" అనేది. అక్క గిన్నెలు తుడుస్తూ పశువుల పాక అని ఎత్తుకుంటే, ఆమె అలవాటుగా ఎడమ చెవిలో వేలు పెట్టుకుని, కింద చేరి "మెల్లగా రా" అందుకునేది. ముందుగా ఎత్తుకోవాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

వేసవి చివర ఒక ఉదయం అక్క వంటింట్లోంచి, "ఏమే, కుళాయి..." అంది.

ఆమె మిగతా మాట కోసం ఎదురుచూసింది. కుళాయి కట్టెయ్యాలా, కారుతోందా, నీళ్ళు రావడం లేదా. ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళేసరికి అక్క నేల మీద ఉంది. కుళాయి పారుతూనే ఉంది.

అక్క బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. నోరు తెరుస్తుంది, లోపల ఏదో వెతుకుతుంది, దొరక్క మూసేస్తుంది. కళ్ళు మాత్రం అక్కవే. ఆ కళ్ళు ప్రతిసారీ ఆమె వైపు తిరిగి, ఆగిపోయిన ఆ ఉదయపు మాటని నువ్వైనా పూర్తి చెయ్యవే అన్నట్టు చూసేవి.

ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. గోళ్ళ రంగు సగం ఊడిపోయి, కళ్ళ కింద నిద్రలేమితో ఉంటుంది కానీ ఓపిక గలది.

"మాట ఒక గదిలో ఉంటే పాట ఇంకో గదిలో ఉంటుంది ఆంటీ," అంది ఒకరోజు. "ఆ గది పాడైనా ఈ గది బాగుండొచ్చు. మాట రానివాళ్ళు కొందరు చిన్నప్పటి పాట పాడేస్తారు. పాటలోంచి ఒక్కో మాటనీ మెల్లిగా బయటికి లాగొచ్చు. ఏదైనా ఇష్టమైన పాట ఉందా?"

ఫోన్‌లో క్రిస్మస్ పాటలన్నీ ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూశారు. అక్క పక్క మంచం దుప్పటి వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇవి కావు," అంది ఆమె. "మా టీచరు కట్టిన పాట ఒకటుంది. అది వింటే అక్క ఊరుకోదు."

"మరి పాడండి ఆంటీ. నేను నేర్చుకుంటాను, రోజూ పాడిస్తాను. మొదటి నెలల్లోనే ఈ దారి కాస్త తెరుచుకుని ఉంటుంది. తరవాత కష్టం."

వరండాలో బెంచీ మీద కూర్చుని ఆమె గొంతు సవరించుకుంది. పశువుల పాకలో అని నోరు తెరిచింది. గొంతు అలవాటుగా ఒక మెట్టు దిగి నిలబడింది. పైకి వెళ్ళమంటే వెళ్ళలేదు. అవే రెండు మూడు స్వరాలు, గోడ వెంట తడుముకుంటూ నడిచే మనిషిలా అటూ ఇటూ తిరిగాయి.

ఆ అమ్మాయి నొప్పించకుండా అడిగింది. "ఇది పాటేనా ఆంటీ?"

అప్పుడు తెలిసింది ఆమెకి. పదేళ్ళ డిసెంబర్లు ఆ రాగం పక్కనే నిలబడింది. దాని అంచు భుజానికి తగులుతూనే ఉండేది. అది వినపడితే గుర్తుపట్టగలదు, వాన చప్పుడు గుర్తుపట్టినట్టు. వానని ఎవరు పాడగలరు?

మర్నాడు ఫ్యాక్టరీలో భోజనాల వేళ, దీని పైన ఏ రాగం ఉంటుందో చెప్పండర్రా అని తన గొంతు పాడి వినిపించింది.

"ఇదేం పాటత్తా, మిక్సీలో రాయి పడ్డట్టుంది," అంది కాలర్ల అమ్మాయి.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తరవాత ఆ మధ్యాహ్నం జీవితంలో మొదటిసారి అస్తరుని తిరగేసి కుట్టి, మొత్తం విప్పుకోవాల్సి వచ్చింది.

టీచరు పోయి చాలా కాలమైంది. బడి ఉన్న చోట ఇప్పుడు టైర్ల గోదాము ఉంది. మొదటి వరసలో పాడినవాళ్ళలో ఆమెకి ఆచూకీ తెలిసింది ఒక్కతే. ఒక్కచోట నిలబడలేక గిరగిరా తిరుగుతుండేది కాబట్టి అందరూ బొంగరం అనేవాళ్ళు. బొంగరం ఇప్పుడు చెప్పుల దుకాణంలో గల్లా ముందు కూర్చుంటోంది. మోకాళ్ళు పోయాయట, లేవదు.

"మీ అక్కకి అలా అయిందా? అంత వాగేదానికి?" అని కళ్ళు తుడుచుకుంది. "పాట నాకెందుకు గుర్తుండదే. సొంత పేరు మర్చిపోతానుగానీ అది మర్చిపోతానా. కానీ నువ్వూ పాడావుగా?"

"నేను రెండో గొంతు."

"అయితే ఏం? అందరం కలిసి పాడింది ఒక పాటేగా."

"నా చెవిలో వేలుంది," అంది ఆమె.

బొంగరం కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. పశువుల పాకలో దీపం లేదు. మొదటి నాలుగు స్వరాలు వినగానే ఆమె వెన్నులోంచి ఏదో లేచి నిలబడింది. అదే. ఆ మెట్టే. రెండో పాదానికి వచ్చేసరికి రాగం ఒక వంపు తిరిగి, హుషారుగా పరుగెత్తి, ఎక్కడో తెలిసిన ఇంటి ముందు ఆగింది.

చెప్పులు తొడుక్కుని చూస్తున్న ఒకాయన తలెత్తి, "ఇది రేడియోలో వచ్చే సబ్బు ప్రకటన కదమ్మా," అన్నాడు.

బొంగరం మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ సబ్బు దగ్గరికే చేరింది. ఇంకోసారి ప్రయత్నించేసరికి మొదటి నాలుగు స్వరాలు కూడా అరిగిపోయాయి.

"లోపల ఉందే," అంది గుండె మీద చెయ్యి వేసుకుని. "బయటికి వస్తుంటే మారిపోతోంది. పాపిష్టి రేడియో."

ఆమె బొంగరం చేతిని కాసేపు పట్టుకుని వచ్చేసింది.

ఇంకేం మిగల్లేదు, తన గొంతు తప్ప. తను కింద నేల పరిస్తే అక్క పైన నడుస్తుందేమో. ఇన్నేళ్ళూ అంతేగా జరిగింది. కాకపోతే ఎప్పుడూ అక్క ముందు, తను వెనక. ఈసారి తను ముందు. అక్కని ఇంటికి తీసుకొచ్చిన వారం, ఆదివారం మధ్యాహ్నం, కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి తల దువ్వింది. తను అక్కకి కుడివైపు, చచ్చుబడిన చెయ్యి పక్కన కూర్చుంది. అప్పుడు అక్క తనకి ఎడమవైపు ఉంటుంది, బడిలోలాగే. ఎడమ చెవి మీద పడే జుట్టు వెనక్కి తీసుకుంది.

"పాడవే అక్కా," అంది. "ఈసారి వింటాను."

మెల్లగా రా, అని ఎత్తుకుంది. ఒకసారి. రెండోసారి. అక్క కళ్ళు కిటికీ నుంచి ఇటు తిరిగాయి. పెదవి ఎడమ అంచు కదిలింది. ఆమె ఆపకుండా పాడింది, ఆపితే ఆ దారం తెగిపోతుందని. అక్క గొంతులోంచి ముందు గాలి వచ్చింది, తరవాత బొంగురుగా ఒక ధ్వని, తరవాత మాట. ఉతికి ఆరేసిన బట్టంత శుభ్రమైన మాట.

"మెల్లగా రా."

ఆమె చటుక్కున ఆగిపోయింది. ఇక రాగం రావాలి. ఎడమ చెవి మొత్తం తెరుచుకుని ఎదురుచూసింది.

"మెల్లగా రా," అంది అక్క మళ్ళీ. కింది స్వరంలోనే. గోడ వెంట తడుముకుంటూ, ఒక్క చోట కూడా తప్పకుండా. మూడో "మెల్లగా" దగ్గర, మాట మధ్యలో ఆగి, గుటుక్కున గాలి మింగింది.

అది పాటలోది కాదు. అది ఆమెది. ఆమె గుటక. అక్క చెవిలో ఎవరూ వేలు పెట్టించలేదు కదా. పదేళ్ళ డిసెంబర్లు పైన తన కథ తను పాడుతూ, అక్క కింద చెల్లెల్ని వింటూనే ఉంది. ఆ గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆయాసపడుతుందో, అంతా దాచుకుంది. తుఫానులో ఇల్లు పోతే మనిషి చేతిలో ఏది మిగులుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. అక్క చేతిలో అదే మిగిలింది.

మాటలు నేర్పే అమ్మాయి సంతోషపడింది. వారంవారం ఇంటికి వచ్చి, ఆ రెండు ముక్కల్లోంచి ఇంకో మాట లాగాలని చూసింది. చెయ్యి మీద తాళం వేస్తూ "మెల్లగా లే" అనిపించబోయింది, "మెల్లగా తిను" అనిపించబోయింది. అక్క "మెల్లగా రా" అనే అంది. దాహమేస్తే అదే. నడుం నొప్పెడితే అదే. చెల్లెలు వేడి టీ అందించి పెదవి కాలితే, కోపంగా కళ్ళెర్రజేసి అదే. ఒకరోజు ఏడుస్తూ చాలాసేపు అదే. దేనికి ఏడ్చిందో ఆమెకి తెలియలేదు. చెప్పడానికి అక్క దగ్గర వేరే మాట లేదు.

చలి ముదిరాక ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఆగి చెప్పుల పట్టీ పెట్టుకుంటూ, "ఇక ఇంటిదగ్గర మీరే సాధన చేయించండి ఆంటీ," అంది. తలెత్తలేదు.

"ఇంకేం రాదా?"

"చెయ్యగలిగిందంతా చేశాం ఆంటీ."

ఆమె "ఊ" అంది.

డిసెంబరు వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, వేళ్ళకి అంటిన సుద్దపొడి కడుక్కోకుండానే ఆమె అక్క పక్కన కూర్చుంటుంది. అక్క మొదలుపెడుతుంది. పైన చోటు ఖాళీగా ఉంది. ఎవరైనా అక్కడికి వెళ్ళి, పాకలో దీపం లేదని, ఆ తరవాత ఏం జరిగిందో చెప్పాలి. ఆమె ప్రయత్నిస్తుంది. చెప్పుల దుకాణంలో విన్న నాలుగు స్వరాల మీద కాలు పెట్టబోతుంది. అవి లేవు. జారి, కిందికి, తన చోటికే వస్తుంది.

ఇద్దరూ కింది గొంతులోనే పాడుకుంటారు. పాక లేదు, కాపరులు లేరు, రావాల్సినవాళ్ళెవరూ లేరు. మెల్లగా రా, మెల్లగా రా. ఒకే చోట ఇద్దరూ గాలి మింగుతారు. ఆమె ఎడమ చెవి తెరిచే ఉంటుంది. అందులోకి వచ్చేది తన గొంతే.