వట్టివేరు పంపని ఏడాది

గోరిమేడులో నా గది కిటికీకి వట్టివేళ్ళ తెర కట్టుకున్నాను. మధ్యాహ్నం నీళ్ళు చల్లగానే తడి వాసన గదంతా నెమ్మదిగా పాకుతుంది. చేతిలోని పుస్తకం ఒళ్ళోకి జారుతుంది. కళ్ళు మూసుకుంటే నేను మళ్ళీ ఇదే ఊళ్ళో సముద్రం ఒడ్డున ఉన్న వైట్ టౌన్‌లో, రుక్మిణత్త అంగడి వెనక గదిలో ఉంటాను. పసుప్పచ్చ గోడ మీద ఎండ నీళ్ళలా కదులుతుంటుంది. నేల మీద కూర్చుని అత్త చిన్న చిన్న గుడ్డ సంచుల్లో వట్టివేళ్ళు కూరుతుంటుంది, బీరువాల్లో బట్టల మధ్య పెట్టుకోవడానికి.

యానాం నుంచి వచ్చిన కొత్తలో ఆమె దగ్గర ఉత్తరాలు రాసే పనికి కుదిరాను. చుట్టం కాదు. అయినా మొదటిరోజే, "మేడమ్ గీడమ్ వద్దు, అత్తా అను" అంది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. తీరిక వేళల్లో నేను కథలు చదివి వినిపించేదాన్ని. నలుగురిలో పెగలని నా గొంతు ఆమె ఒక్కదాని ముందే పెగిలేది.

మా సంచులు ఎక్కువగా ఒక పరాయి దేశపు ప్రభుత్వ హోటళ్ళకు వెళ్ళేవి. మా వీధిలో సబ్బులు, అగరుబత్తులు చేసేవాళ్ళకూ ఆ హోటళ్ళే ఆధారం. ఆ దేశంలో చిన్న అంగడి నడిపే డేనియల్ కూడా మా దగ్గరే కొనేవాడు. ఒకసారి తను ప్రేమించినవాడితో కలిసి ఇక్కడికి వచ్చాడు. ఇద్దరికీ దోసెలు పోసి పెట్టి, "జోడీ బాగుండాది" అని మాత్రం అంది అత్త.

తరవాత ఆ దేశం ఒక చట్టం చేసింది. మగవాణ్ణి ప్రేమించే మగవాడికీ, ఆడదాన్ని ప్రేమించే ఆడదానికీ జైలు. ఎన్నో దేశాలవాళ్ళు వాళ్ళతో వ్యాపారం మానుకుంటున్నారని పేపర్లో చదివి వినిపించాను. "మనమూ మానేద్దాం అత్తా" అన్నాను.

"నువ్వూ నేనూ తేల్చేదేంది పాపా? దెబ్బ తగిలేది ఆ దేశంలో ఉండేవాళ్ళకి గదా. ముందు ఆ పిల్లోణ్ణి అడుగు."

ఫోన్ చేశాను. డేనియల్ అంగడి తలుపు మూసి వచ్చాడు. ఫోన్లో అటువైపు కూడా సముద్రపు హోరు వినిపించింది. గొంతు తగ్గించి అన్నాడు: "హోటళ్ళకు ఆపేయండి. ఎందుకు ఆపారో పైకి చెప్పండి. కానీ ఒక్క అంగడి ఆపితే వాళ్ళకు తెలియను కూడా తెలియదు. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వద్దు."

ఆదివారం అత్త వీధిలో వ్యాపారులందరినీ పిలిచింది. నేను రాసిన ప్రకటన నన్నే చదవమంది. రెండు వాక్యాలైనా కాకముందే సబ్బుల గోపాల్ మామ అడ్డుపడ్డాడు.

"ఏంది రుక్మిణీ, యాడో ఎవుడో చట్టం జేస్తే మనం పస్తుండాల్నా? అట్టాంటోళ్ళు మన మధ్యన యాడుండారు?"

ఎవరో నవ్వారు. నా గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించింది నాకు.

"నేనున్నాను మామా."

నవ్వు ఆగిపోయింది. యానాంలో మా ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారో, రేపు ఈ వీధిలో ఎలా నడవాలో. అత్త తలెత్తలేదు. చేతిలోని సంచి మూతికి దారం బిగించి పక్కన పెట్టింది.

"ఆపినకాడ్నించి చదువు, పాపా."

చదివాను, చివరిదాకా. గోపాల్ మామ నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. "పెన్నియ్యి. ముందే చెప్పుంటే ఇట్టా అరిచేవాణ్ణా?"

అందరూ సంతకం పెట్టలేదు. పెట్టినవాళ్ళు ఆ ఏడాది ఇబ్బంది పడ్డారు. అత్త సగం అంగడి అద్దెకిచ్చేసింది. మళ్ళీ సరుకు పంపాలంటే ఏం కావాలని హోటళ్ళవాళ్ళు ఉత్తరం రాస్తే, చట్టం తీసేయమని బదులు రాశాం. "వాళ్ళ చేత అడిగించారు, అది చాలు ఇప్పటికి" అని డేనియల్ ఫోన్లో నవ్వాడు. చట్టం ఇంకా ఉంది. రుక్మిణత్త లేదు.

నలుగురిలో చదివేటప్పుడు నా గొంతు ఇప్పటికీ ఆగుతుంది. ఆగినందుకు ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. అందుకే సిగ్గుపడను. ఎక్కడ ఆగానో వేలు పెట్టి చూసుకుని, అక్కడి నుంచే చదువుతాను.