ఎర్రదారంతో కుట్టిన గొడుగు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఇది చదివి షమీమ్ కూడా ఆ జట్టులో చేరిందా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేను చేరలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

తొంభైల చివర్లో విజయవాడ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షనిస్టుగా పనిచేసేదాన్ని. దిగినవాళ్ళు ఊళ్ళో ఏం చూడాలి, ఎక్కడ తినాలి అని నన్నే అడిగేవారు. కాగితం మీద రాసిచ్చేదాన్ని. ఉండవల్లి గుహలకి ఎండెక్కకముందే వెళ్ళండి. బ్యారేజీ మీద సాయంత్రం నడవండి. కొండపల్లి వెళ్తే బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి కొనండి. నేను స్వయంగా తినని హోటలు మాత్రం ఎవరికీ రాయలేదు. మేనేజరుగారు తన బావమరిది హోటలు రాయమని ఎన్నిసార్లు చెప్పినా రాయలేదు. అక్కడ సాంబారు బాగుండదు.

నా కాగితంలో మొదట ఉండేది వన్‌టౌన్‌లో ఒక పెసరట్ల కొట్టు. దానికి బోర్డు లేదు. అందుకని 'చలివేంద్రం పక్క సందులో' అని రాసేదాన్ని. నిజానికి ఆ చలివేంద్రం లేక అప్పటికి రెండు వేసవులు. ఎప్పుడో పడగొట్టిన సినిమా హాలు పేరు చెప్పి ఎడమకి తిరగమనే ఊరు మాది. బయటివాళ్ళు ఏమైపోతారో ఎవరమూ ఆలోచించం.

ఆ చలివేంద్రం మా అబ్బాది, అంటే మా నాన్నది. అబ్బా గొడుగులు బాగుచేసేవారు. ఎండాకాలం వస్తే కొట్టు ముందు తాటాకు పందిరి వేసి, రెండు కుండలు పెట్టి, దారినపోయేవాళ్ళకి తనే నీళ్ళు పోసేవారు. అడగ్గానే ఇచ్చేవారు కాదు. కూర్చోబెట్టి, చెమట ఆరాకే గ్లాసు చేతికిచ్చేవారు. నల్ల గొడుగైనా సరే ఎర్రదారంతోనే కుట్టేవారు. తన కుట్టు తనకి తెలియాలట. ఆయన పోయాక అన్నయ్య కొట్టుకి తాళం వేసి, చెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆ మే నెలలో కొట్టుని కూల్‌డ్రింకుల డీలరుకి ఇస్తానన్నాడు. ఫ్రిజ్ సరిగ్గా కుండలు ఉండే చోటే వస్తుంది. నేను ఒప్పుకోలేదు. మళ్ళీ చలివేంద్రం పెడదామన్నాను.

"కుండనీళ్ళు ఇప్పుడెవరు తాగుతారు? అయినా అక్కడ కూర్చుని పోసేదెవరు, నువ్వా?" అన్నాడు.

నేనే అన్నాను. ఆడపిల్ల రోడ్డు మీద కూర్చుంటే పరువేం కావాలన్నాడు. ఎవరి పరువని అడిగాను. శుక్రవారం నమాజు అయ్యాక డీలరుకి తాళంచెవి ఇచ్చేస్తానని తేల్చేశాడు. రెండ్రోజులు ఇంట్లో అన్నం తినలేదు నేను. అంత కోపం వచ్చింది.

గురువారం పొద్దున విజయనగరం నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి, ఆయన భార్యకి అలవాటుగా కాగితం రాసిచ్చాను. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చారు. పెసరట్టు బ్రహ్మాండంగా ఉందన్నారు. ఆవిడ మాత్రం గొడుగు కోసం దిగులుపడుతున్నారు.

"చలివేంద్రం దగ్గర పెద్దాయన ముందు కూర్చోండి, చెమటారాక తాగండి అన్నారమ్మా. నా గొడుగు కుట్టూడిపోయిందని చూసి, తినేసి రండి, కుట్టి ఉంచుతానన్నారు. మేమొచ్చేసరికి షట్టరు వేసుంది."

వేరే సందుకి వెళ్ళుంటారనుకున్నాను. కానీ కాగితంలో రాసిన చోటేనని హెడ్మాస్టరుగారు గట్టిగా చెప్పారు. డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళ్ళాను. పందిరీ లేదు, కుండలూ లేవు. పెసరట్ల బాబాయిని అడిగాను. ఆ దంపతులు వచ్చి తిన్నారట, చేతిలో గొడుగైతే లేదట. "నీళ్ళు పోసేవాళ్ళు ఎవరున్నారమ్మా ఇప్పుడు?" అని నన్నే అడిగాడు.

అన్నయ్యని పిలుచుకొచ్చాను. విసుక్కుంటూనే వచ్చాడు. తాళం బిగుసుకుపోయి ఉంది, కిరసనాయిలు పోస్తే గాని తిరగలేదు. షట్టరు ఎత్తాం. అబ్బా గొడుగులు తగిలించే మేకుకి ఆడవాళ్ళ నల్ల గొడుగు ఒకటి వేలాడుతోంది. దాని మీద దుమ్ము లేదు. ఒక ఊచ దగ్గర కొత్త కుట్టు ఉంది, ఎర్రదారంతో.

షట్టరు కిందనుంచి ఎవరో తోసుంటారని అన్నయ్య అన్నాడు. తోసి చూపించమన్నాను. దించి చూస్తే కింద గొడుగు కాదు కదా, నా చెయ్యే దూరలేదు. దూరినా మేకుకి ఎవరు తగిలించారు? అన్నయ్య ఆ కుట్టు మీద వేలితో రాసి చూశాడు. ఆ తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, భయం మాత్రం వేయలేదు.

మర్నాడు పొద్దున లాడ్జి ఖాళీ చేస్తుంటే ఆవిడకి గొడుగిచ్చాను. తెరిచి చూసుకుని మురిసిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆగారు.

"చెప్పడం మరిచానమ్మా. రేపట్నుంచి మా అమ్మాయి పోస్తుంది నీళ్ళు అన్నారాయన. ఆ అమ్మాయి నీకు తెలుసా?"

"తెలుసండీ" అన్నాను.

ఆ మాట అన్నయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ నోట వినేటప్పటికే నా సంచిలో తాళంచెవి ఉంది. తాటాకులకి ముందురోజు రాత్రే పురమాయించాను. ఎవరో చెప్పారని కాదు నేను చలివేంద్రం పెట్టింది, పెట్టాలనుకుని పెట్టాను. ఆ శుక్రవారం నుంచి ప్రతి వేసవీ డ్యూటీ లేని వేళల్లో అక్కడ కూర్చున్నది నేనే. పేటలో నాలుగు రోజులు చెవులు కొరుక్కున్నారు. ఐదో రోజు వాళ్ళే వచ్చి తాగారు.

దయ్యాలు లేవు. మరి ఆ గొడుగు కుట్టిందెవరంటే నాకు తెలియదు. తాళం పాతదని, దొంగచెవి ఉంటుందని, నేనే కుట్టి మరిచిపోయానని ఎన్నో చెప్పారు. ఒక్కటీ నిలవలేదు. ఇంకా ఎవరికైనా చెప్పాలనుంటే ఎండాకాలం వన్‌టౌన్‌కి రండి, చలివేంద్రం పక్క సందులో పెసరట్టు తినండి. ఈసారి చలివేంద్రం ఉంటుంది. నా ఎదురుగా కూర్చుని, చెమట ఆరాక, నీళ్ళు తాగి అప్పుడు చెప్పండి.