గిడ్ పట్టిన గొర్రె

2011. జనగామ దగ్గర ఒక మండలంలో నేను పశువైద్యురాలిని. తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నాం. పశువుల దవాఖానకు తాళం వేసి, ఎదురుగా టెంటు కింద కూర్చున్నాం.

ఒక మధ్యాహ్నం మల్లయ్య అనే ముసలి గొర్రెలకాపరి భుజాల మీద గొర్రెను మోసుకొచ్చాడు. కింద దించగానే అది తల ఒక పక్కకు వాల్చి, తూలుతూ గుండ్రంగా తిరగసాగింది. నుదుట పసుపు, మెడలో వేపమండలు.

"సమ్మె బాపూ, చూడట్లేదా?" అన్నాను విసుగ్గా.

"సూస్తున్ననమ్మా. మూడేండ్ల సంది ఏడు గొర్లు గిట్లనే దిరిగి సచ్చినయ్. గిది మందను నడిపే గొర్రె. గిది గూడ వోతే మంద అమ్మి, ముసల్దాన్ని దీస్కొని బివండికి కూలికి వోవుడే. జర ఒక సూదెయ్యుండ్రి."

నా కోపం చల్లారింది. గొర్రె తల పట్టుకుని బొటనవేలితో నొక్కి చూశాను. కొమ్ము మొదలు వెనక ఒకచోట ఎముక మెత్తగా దిగింది. అది గిడ్. పురుగు గుడ్లు మేతతోపాటు కడుపులోకి పోయి, మెదడులో నీటి తిత్తిగా పెరిగే రోగం. ఆ తిత్తి ఒత్తిడికి పుర్రె కూడా పలచబడుతుంది.

"సూదితో పోదు బాపూ. ఇక్కడ కోయాలి."

మల్లయ్య గొర్రె తలకు చేతులు అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. దేవుడు దిగిండు దాని మీద. కోత వెడితే ఊకుంటడా?"

నాకు కాలేజీలో మా మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. గిడ్ అనేది గిడ్డీ అనే ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. ఇప్పుడు దానికి అర్థం తల తిరిగి తూలడం. వెయ్యేళ్ల కిందట మాత్రం దేవుడు పూనినవాడని అర్థమట, దాని మూలం దేవుడనే మాటేనట. అదే మల్లయ్యకు చెప్పాను.

ఆయన గొర్రె తల మీది చేతులు తీయకుండానే అడిగాడు. "తెల్లోల్లు గూడ గట్లనే అనుకున్నరా? మరి వాళ్లు కోసిన్రా?"

"కోశారు. బతికాయి."

"అయితే కొయ్యి."

తాళం తీస్తే సమ్మె తప్పినట్టు. అందుకని టెంటు పక్కనే బల్ల మీద పడుకోబెట్టి, నా సంచిలో ఉన్న మత్తు సూది ఇచ్చి, మెత్తటి చోట కోశాను. టెంటులోవాళ్లు లేచొచ్చి చుట్టూ చేరారు. పట్టకారుతో మెల్లగా లాగితే నిమ్మకాయంత తిత్తి పగలకుండా బయటికి వచ్చింది. లోపల తేట నీళ్లు, గోడకు బియ్యపు నూకల్లాంటి తెల్లటి చుక్కలు. ఇంత చిన్నది ఒక ప్రాణిని గిరగిరా తిప్పుతోంది. ఆ తిరగడం చూసి ఏడు సముద్రాల అవతలి కాపరి, జనగామ కాపరి ఒకే మాట అనుకున్నారు. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

కుట్లు వేసి నీడలో ఉంచాం. సాయంత్రానికి గొర్రె లేచి నిలబడింది. ఒకసారి తూలింది. తర్వాత తిన్నగా నడిచి మల్లయ్య దగ్గరికి పోయింది.

మల్లయ్య కళ్లు తుడుచుకుని అడిగాడు. "గీ పురుగు యాడికెల్లి వస్తదమ్మా?"

"కుక్క నుంచి. ఈ రోగంతో చచ్చిన గొర్రె తలకాయ తిన్న కుక్క కడుపులో పెరుగుతుంది. ఆ కుక్క మేత మీద పెంట వేస్తే, అందులోని గుడ్లతో మళ్లీ గొర్రెకు వస్తుంది. తలకాయను లోతుగా పాతిపెట్టాలి, కుక్కకు మందు వేయాలి."

ఆయన ముఖం మాడిపోయింది. మంద కాసే కుక్కకు చచ్చిన గొర్రె తలకాయ వేయడం వాళ్లలో తాతల నాటి పద్ధతి. అది కుక్క కూలి.

"ఏడు తలకాయలు నేనే ఏసిన," అన్నాడు. "నాకు ఎవ్వలు జెప్పలే."

ఆ రోజు అంత మంది ముందు నాకు మంచి పేరొచ్చింది. కానీ నేను నేర్చుకున్నది కోతలో లేదు, ఆయన చివరి మాటలో ఉంది. ఆ ఏడు గొర్రెలు పోయిన మూడేళ్లూ ఆ మండలానికి డాక్టర్ని నేనే.