ముందు గుమ్మం కొలవాలి

మా మామగారు పోయారు. తొలకరి పడి, విత్తనాల కోసం రైతులు పొద్దున్నే వచ్చి నిలబడే రోజులు. మా షాపు తలుపు తెరుచుకోలేదనగానే వినుకొండలో సగం మందికి సంగతి అర్థమైపోయింది. ఒంట్లో జ్వరమున్నా, ఇంట్లో పెళ్ళి ఉన్నా ఆ షాపు మూయని మనిషి ఆయన. ఆ రోజు కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "అమ్మాయ్, కాస్త నడుం వాలుస్తా" అన్నారు. మళ్ళీ లేవలేదు. డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు.

చూడటానికి వచ్చినవాళ్ళు వరండాలో ఆయనకు దణ్ణం పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ముందుగది కిటికీలోంచి ఒకసారి లోపలికి తొంగిచూశారు. ఎరువుల షాపు యజమానిగా కంటే ఆ గదిలో ఉన్న చిన్న రైలుతోనే ఆయన ఊరికి ఎక్కువ తెలుసు. నేను ఆ రైలు గురించే రాస్తున్నాను. ఆయన్ని గురించి రాయాలంటే నాకు ఇంకో దారి లేదు.

షాపు మా ఆయన చేతికి అప్పగించాక ఒకసారి గుంటూరు వెళ్ళి, ఎగ్జిబిషన్‌లో ఒక రైలు సెట్టు కొనుక్కొచ్చారు. అరచేతిలో పట్టే ఇంజను, దాని వెనక నాలుగు పెట్టెలు. అమ్మేవాడు "మనవడికా సార్?" అని అడిగితే "నాకే" అన్నారట. ఈ వయసులో ఇదేమిటండీ అన్నవాళ్ళకు ఆయన జవాబు ఒకటే: "మీరు పేకాడతారు. ఎందుకని నేనెప్పుడన్నా అడిగానా?" అంతకుమించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఇష్టమైన పనికి కారణాలు వెతుక్కోనక్కర్లేదని నాకు తెలిసింది ఆయన్ని చూశాకే.

మొదటి బల్ల కథ మా వీధిలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. వరండాలో కూర్చుని టేకు రీపర్లు కోసి, చిత్రిక పట్టి, చట్రం బిగించి, పైన ప్లైవుడ్డు వేసి, మంచి పొడవాటి బల్ల చేశారు. ఒకటే ముక్క. నలుగురు పట్టుకుని ఎత్తితే గుమ్మంలో దూరలేదు. నిలువుగా తిప్పారు, ఏటవాలుగా వంచారు. ఊహూఁ. ఇక వీధివాళ్ళంతా సలహాలకు దిగారు. ఒకాయన ద్వారబంధం పీకించి మళ్ళీ పెట్టిస్తే సరిపోతుందన్నాడు. అప్పటిదాకా వంటింట్లోంచి చూస్తున్న మా అత్తగారు చీర కొంగు దోపుకుని వచ్చి గడప మీద కూర్చున్నారు. గడప మీద కూర్చుంటే దరిద్రమని మమ్మల్నందరినీ లేపే మనిషే.

"పసుపు రాసిన గడప ఇది. పీకేట్టయితే ముందు నన్ను పీకండి" అన్నారు.

మామగారు చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద రెండు గీతలు గీశారు. రంపం తెచ్చి, అంత కష్టపడి చేసినదాన్ని ఆయన చేత్తోనే మూడు ముక్కలు కోశారు. తర్వాత ఒక్కో ముక్కకు చట్రం సరిచేసి, మడిచే కాళ్ళు పెట్టి, ముక్కకూ ముక్కకూ మధ్య బోల్టులు వేసి, చేత్తో తిప్పితే బిగిసే రెక్కల నట్లు పెట్టారు. ఈసారి ముక్కలు ఒక్కొక్కటే లోపలికి దర్జాగా వెళ్ళాయి. అప్పట్నుంచి ఆయన నోట ఊతపదం అయిపోయింది, "ముందు గుమ్మం కొలవాలి" అని. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడూ అదే, పొలం కౌలుకిచ్చేటప్పుడూ అదే. చొక్కా జేబులో టేపు ఎప్పుడూ ఉండేది. బంధువుల గృహప్రవేశంలో అందరూ పాలు పొంగిస్తుంటే ఈయన వాళ్ళ గుమ్మం కొలుస్తూ దొరికిపోయారు. "ఫ్రిజ్జు పట్టుద్దో లేదో చూసుకోవద్దా" అన్నారు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

బల్ల మీద ఆయన వేసిన లైను ఆయన వయసులో తిరిగిన లైనే. ఈ కొసన గుంటూరు, నడుమ వినుకొండ కొండతో సహా మా ఊరు. మూడో ముక్క మీద మాత్రం ఎక్కడా లేని స్టేషనొకటి కట్టారు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నమామగారు, ఒంగోలు వైపు సాగర్ కాలువ చిట్టచివర పత్తి, మిర్చి వేస్తారు. ఆ ఊరికి కాలువ నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రైలు సంగతి సరేసరి. మామగారు ఆ ఊరికి స్టేషను కట్టి, ప్లాట్‌ఫారం వేసి, స్తంభానికి దీపం పెట్టి, పక్కనే మిర్చి ఆరబోసిన కల్లం చేశారు.

"గవర్నమెంటు వేయలేనిది నువ్వేశావా అన్నయ్యా" అని చిన్నమామగారు నవ్వారు.

"వేశాను. ఎక్కడానికి టిక్కెట్టు కూడా అక్కర్లేదు" అన్నారు ఈయన.

ఆ కల్లం గురించి చెప్పకపోతే పాపం. రంగులు వేస్తే ఎరుపు సరిగ్గా రావడం లేదని, ఇంట్లో కొట్టించిన కారమే తెచ్చి పోశారు. గుంటూరు కారం, అందులోనూ మా అత్తగారు ఎండబెట్టినది. చూడటానికి అచ్చం కల్లమే. చిన్నమామగారు కుటుంబంతో వచ్చి బల్ల చుట్టూ మూగి వంగి చూస్తున్నారు. ఉక్కపోస్తోందని ఎవరో ఫ్యాను వేశారు. తర్వాత కాసేపు ఎవరు ఎవరో తెలియలేదు. తుమ్ములు, దగ్గులు, కళ్ళ నీళ్ళు, బావి దగ్గరికి పరుగులు. మామగారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, "చూశారా, అసలు సరుకు" అన్నారు. మర్నాడు జిగురునీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి కారం కదలకుండా అతికించారు. ఇప్పటికీ మరీ దగ్గరికి వంగితే ముక్కు చురుక్కుమంటుంది.

ఇక నా సంగతి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. పెళ్ళయ్యాక ఆ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల కిందకు చేరింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఒక మధ్యాహ్నం మామగారికి కాఫీ ఇవ్వడానికి వెళ్తే ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. రైలు గుంటూరు నుంచి బ్రహ్మాండంగా బయల్దేరుతోంది, వినుకొండ దాటాక నీరసపడుతోంది, చివరి స్టేషనుకు చేరేసరికి డేకుతోంది. ఇంజను పాడైందని ఆయన అనుమానం. నేను కాసేపు చూసి, ఇంజను బాగానే ఉందని, పట్టాల అతుకు అతుకు దగ్గరా కరెంటు కొంచెం కొంచెం తగ్గుతోందని చెప్పాను. బల్ల కింద లావుపాటి వైరు ఒక జత లాగి, దాన్నుంచి పట్టా పట్టాకూ సన్నటి వైర్లు ఇవ్వాలన్నాను.

ఆయన బల్ల కిందికి వంగి చూశారు.

"అంటే పైవాళ్ళు తోడుకోగా మా తమ్ముడి చేనుకొచ్చేసరికి బురద మిగిలినట్టు. అంతేనామ్మా?"

"అంతే మామయ్యగారూ."

"అయితే మనకు మేజరు కావాలి. దాన్నుంచి మడి మడికీ పిల్లకాలువ."

పెద్ద కాలువ నుంచి చీలే కాలువను మా వైపు మేజరు అంటారు. బల్ల కింద లాగిన లావు వైరుకు ఆరోజు నుంచి అదే పేరు. సాయంత్రానికల్లా సోల్డరింగ్ ఐరన్ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టారు. వైర్లు ఎరుపు, తెలుపు రంగుల్లో తెచ్చారు. "ఎర్రది మిర్చి, తెల్లది పత్తి. మిర్చి మిర్చికే, పత్తి పత్తికే. కలిపావంటే పంట పోద్ది" అన్నారు. బల్ల ముక్కలు కలిసే చోట్ల వైర్లకు ప్లగ్గులు పెట్టమన్నదీ ఆయనే. విప్పాల్సి వస్తే తెంపకూడదుగా అని.

నేను బల్ల కింద వెల్లకిలా పడుకుని వైర్లు అతికిస్తుంటే, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, నా పక్కన నేల మీద చతికిలబడి టార్చి పట్టుకునేవారు. పొగ నా కళ్ళలోకి వస్తే విసనకర్రతో విసిరేవారు. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు కొందరు అది చూసి బుగ్గలు నొక్కుకున్నారు, మామగారి ముందు కోడలు అలా పడుకోవడమేమిటని. ఆయన కింద నుంచే, "వైరింగ్ అంతా మా అమ్మాయిది. నాది ఉత్త వడ్రంగం" అని చెప్పేవారు. అడిగినవాళ్ళకీ చెప్పారు, అడగనివాళ్ళకీ చెప్పారు. షాపుకు పురుగుమందు కోసం వచ్చిన రైతుల్ని ఇంటికి తీసుకొచ్చి మరీ చెప్పారు. నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. చావు కబురు రాస్తూ గర్వమేమిటి అనుకునేవాళ్ళు అనుకోనివ్వండి.

రోజూ పొద్దున్నే పాత పంచె గుడ్డతో పట్టాలు తుడిచేవారు. పత్తి తీతల కాలంలో చిన్నమామగారి పత్తి మా వెనకగదిలో పోసేవాళ్ళం. దాని నూగు ఇల్లంతా ఎగిరి ఇంజను చక్రాల ఇరుసులకు చుట్టుకునేది. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి దింపి పట్టకారుతో పోగు పోగూ లాగేవారు. "నీ పత్తి నా రైల్ని ఆపుతోందిరా" అని తమ్ముడికి ఫోను చేసేవారు. ఏ పని చేసినా చివరికి ఒక చూపు మాత్రం మూడో ముక్క వైపు వెళ్ళేది. "చివరి మడికి అందిందా అమ్మాయ్?" అని అడిగి, నేను అందిందంటేనే లేచేవారు.

అన్నదమ్ములిద్దరికీ ఒక పందెం మాత్రం తేలకుండా ఉండిపోయింది. "నా బల్ల ఎప్పుడు విప్పినా గుమ్మం దాటుద్ది. మళ్ళీ కలిపితే మునుపట్లాగే నడుస్తది" అని మామగారు. "విప్పితే నీకు చెక్క మిగులుద్ది అన్నయ్యా, రైలు మాత్రం మళ్ళీ కదలదు" అని చిన్నమామగారు. ఒకసారి విప్పి చూద్దామా అని నేనంటే, "నడిచేదాన్ని ఎందుకులే కదపడం" అని మాట మార్చేసేవారు. మాట మీద నమ్మకం ఉంది గానీ, నడిచే రైలును ఆపి చూసుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

విప్పాల్సిన అవసరం ఆయన పెద్దకర్మకే వచ్చింది. భోజనాలకు ముందుగది కావాలి. వడ్రంగిని పిలిచి పీకిద్దామని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఇన్నేళ్ళు ఊరందరి ముందూ అన్న మాట అది. ఇప్పుడు నిలబెట్టడానికి ఆయన లేరు, వైరింగ్ నాది. మా ఆయన్ని తోడు పిలుచుకుని రెక్కల నట్లు విప్పాను, ప్లగ్గులు లాగాను, కాళ్ళు మడిచాను. మూడు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి గుమ్మం దాటాయి. అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు సందు. గడప పక్కన నిలబడ్డ మా అత్తగారు ద్వారబంధాన్ని చేత్తో తడిమి, "ఎక్కడా గీత కూడా పడలేదు" అన్నారు.

కర్మ అయిపోయి బంధువులు వెళ్ళాక ముక్కల్ని మళ్ళీ లోపలికి తెచ్చాం. చిన్నమామగారు ఊరికి వెళ్ళకుండా ఉండిపోయారు. పందెం సంగతి ఆయన ఎత్తలేదు. నేను బల్ల కిందికి దూరాక చూస్తే టార్చి వెలుగు పడింది. మామగారు కూర్చునే చోటే ఆయనా నేల మీద కూర్చుని ఉన్నారు.

"మిర్చి మిర్చికే ఇచ్చావామ్మా?"

"ఇచ్చాను చిన్నమామయ్యగారూ."

"పత్తి?"

"పత్తికే."

బయటికొచ్చి స్విచ్చి వేశాను. గుంటూరు దీపం వెలిగింది. వినుకొండ దీపం వెలిగింది. చివరి స్టేషను చీకటిగానే ఉంది. బండి బయల్దేరి, మొదటి అతుకు దగ్గర టక్కుమని దాటి, కొండ చుట్టూ తిరిగి, రెండో అతుకు దాటిందో లేదో ఆగిపోయింది. మా ఆయన ఏదో అనబోతే మా అత్తగారు చెయ్యెత్తి ఆపారు. తను గెలిచానని చిన్నమామగారు అనొచ్చు. ఆయన అనలేదు. మొహం చిన్నబుచ్చుకుని, "చివరి మడికి రాలేదమ్మా. ఇంకోసారి చూడు. అన్నయ్య ఊరికే అనడు" అన్నారు.

మళ్ళీ కిందికి దూరాను. ఆయన టార్చి నా కంటే ముందే అక్కడికి వెళ్ళింది. మూడో ముక్క ప్లగ్గు సగమే దిగి ఉంది. బొటనవేలితో నొక్కాను. పైన బండి కదిలిన చప్పుడు బల్ల చెక్కలోంచి నా నుదుటికి తెలిసింది.

"వచ్చింది" అన్నారు చిన్నమామగారు. "మా ఊరికి వచ్చిందమ్మా."

నేను లేచేసరికి ఆయన కల్లం మీదికి వంగి స్టేషను చూస్తున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కారం ఘాటు అని ఆయనా అనలేదు, మేమూ అనలేదు. బండి నెమ్మదిగా వచ్చి ఆయన ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. ఆ స్తంభం మీది దీపం గుంటూరు దీపమంత వెలుగుతో, ఏమాత్రం తగ్గకుండా వెలుగుతోంది.