నవనీత టైరు ఎక్కించిన ఆదివారం

నవనీత మా ఇంట్లో కిరాయికి దిగి నాలుగేళ్ళయింది. అంతకుముందు ఆ రెండు గదుల్లో ఎవరూ మూడు నెలలకు మించి నిలవలేదు. నా నోటికి భయపడి పోయారని మూసాపేటలో కొందరు అంటారు. అనుకోనీ. గోడలకు మేకులు కొట్టేవాళ్ళను, వాకిట్లో ఎంగిలి నీళ్ళు పారబోసేవాళ్ళను కూర్చోబెట్టి హారతి ఇవ్వాలా? నవనీత మాత్రం వచ్చిన మొదటి రోజే నా మొహంలోకి సూటిగా చూసి, "అవ్వా, నువ్వు తిట్టేది ఉంటే పొద్దుగాలనే తిట్టు. మాపటికి అలిసిపోయి వస్త, అప్పుడు ఇనబుద్ధి కాదు" అంది. ఆ మాటతోనే నాకు నచ్చింది. నచ్చినట్టు చెప్పలేదనుకోండి.

ఆమెది నారాయణపేట పక్కన పల్లె. ఏడో తరగతి దాకా చదివింది. అంటే నాకంటే ఐదు తరగతులు ఎక్కువ. రాయదుర్గంలో ఒక అద్దాల మేడలో పద్నాలుగో అంతస్తు ఊడ్చి తుడిచే పని. పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలి. ఆమె భర్త ఓంకార్ నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. ఇద్దరికీ కలిపి ఒక పాత మోటారు సైకిలు. కొత్తలో ఓంకారే దింపి వచ్చేవాడు. బండి నేర్పమంటే నవ్వేవాడు. "నువ్వు నేర్పకుంటే ఎదురింటాయనను అడుగుత" అందట ఒకనాడు. మరుసటి ఆదివారమే ఓంకార్ ప్రగతి నగర్ చెరువు పక్క రోడ్డు మీద ఆమె నడిపే బండి వెంట చెమటలు కక్కుతూ పరుగెత్తాడు.

ఈ వేసవిలో ఓంకార్ ట్యాంకరు మీదినుంచి జారిపడి కుడిచేయి విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో మోచేయి దాటేదాకా పిండికట్టు వేశారు. ఇల్లు నడపడం నవనీత మీద పడింది. అప్పుడే ఆమె పనిచేసే మేడలో ఒక అమ్మాయి చెప్పిందట, ఆడపిల్లల్ని బండి మీద ఆఫీసులకు దింపడానికి ఆడవాళ్ళనే పెట్టుకునే కంపెనీ ఒకటి ఉందని. నవనీత శేరిలింగంపల్లిలో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ రసజ్ఞ అని చిన్న వయసు మేడం. ఆంధ్ర వైపు పిల్ల, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ.

"దారిలో టైరు గాలి దిగిపోయిందనుకోండి. వెనక కూర్చున్న అమ్మాయికి ఆఫీసు టైమైపోతుంటుంది. మీరేం చేస్తారండీ?" అని అడిగింది.

నవనీత నోరు తొందరపడింది. "నేనే విప్పి నేనే ఏసుకుంట మేడం."

"నిజంగానాండీ? ఇంతమందిని అడిగాను, ఒక్కరూ ఈ మాట అనలేదు" అని ఆ పిల్ల మురిసిపోయి కాగితం మీద రాసుకుంది. తర్వాత బయటికొచ్చి బండి చూసింది. వెనక టైరు మీద వేలితో రుద్ది చూసి, "ఇది గుండు గీసినట్టుందండీ. సోమవారం తొమ్మిదింటికల్లా కొత్త టైరుతో రండి. బండి బాగుంటే ఆ రోజే తీసుకుంటాం. టైరు ఎలా మార్చుకోవాలో మా మిగతావాళ్ళకు కూడా మీరే చూపిద్దురు గాని" అంది.

పుట్టి బుద్ధెరిగాక నవనీత పానా పట్టి ఎరగదు.

ఆదివారం మధ్యాహ్నం కొత్త టైరును భుజానికి తగిలించుకుని వచ్చి వాకిట్లో దింపింది. ఓంకార్ దాన్ని చూసి, "పంక్చర్ షాపుల ఇస్తే పది నిమిషాలల్ల ఎక్కిచ్చి ఇస్తడు. గీ లొల్లి ఎందుకు?" అన్నాడు.

"రేపు వాళ్ళు చూపియ్యమంటే?"

"షాపాయన చేస్తుంటే చూడు. చూసింది చూపియ్."

"చూసినంత మాత్రాన చేతులకొస్తదా? అబద్ధం ఆడిన. ఇగ దాన్ని నిజం చెయ్యాలె."

"నా చెయ్యి బాగుంటే నేనే..."

"నీ చెయ్యి బాగుంటే నన్ను ముట్టనిస్తుంటివా? నోరు బాగనే ఉంది గద. నోటితోని చెయ్యి."

ఓంకార్‌కు నవ్వొచ్చింది, రోషమూ వచ్చింది. మెడకు వేలాడే పిండికట్టు సర్దుకుని కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. నేను నా గడప మీద మెంతికూర ముందేసుకుని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. నా వాకిలి, నా ఇష్టం.

బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టింది. వెనక చక్రం పెద్ద నట్టు తుప్పు పట్టి కదల్లేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని పానా మీద ఎక్కి నిలబడింది. కిర్రుమంది, వదిలింది. బ్రేకు కడ్డీ విప్పి, ఇరుసు లాగి, చైను తప్పించి చక్రాన్ని బయటికి తీసేసరికి మోచేతుల దాకా నలుపు. గోనెసంచి పరిచి చక్రాన్ని పడుకోబెట్టింది. గాలి తీసేసి, మడమలతో తొక్కి, రెండు ఇనుప పట్టీలతో పాత టైరును ఊడదీసింది.

"ఇంతేనా?" అంది గెలిచినట్టు.

"తీసుడు ఎవరైనా తీస్తరు. ఎక్కిచ్చుడు కాడ ఉంటది తమాషా" అన్నాడు ఓంకార్.

ఎటు తిరగాలో చూపే బాణం గుర్తు చూసుకుని కొత్త టైరు ఒక పక్క ఎక్కించింది. లోపల ట్యూబు పెట్టి కొంచెం గాలి కొట్టింది. రెండో పక్క ముప్పావు దాకా బాగానే పోయింది. చివర జానెడు మిగిలింది. ఆ జానెడే మొండికేసింది. పళ్ళు బిగబట్టి పట్టీ దూర్చి ఎత్తింది. టక్కుమని కూర్చుంది. కానీ పంపు కొడితే గాలి నిలవలేదు. మళ్ళీ విప్పి చూస్తే ట్యూబుకు పక్కపక్కనే రెండు గాట్లు.

"కొరికినవ్ గద ట్యూబును! పట్టీ లోపల్కి పోనియ్యకు పోనియ్యకు అని ఎన్నిసార్లు చెప్పిన!"

"చెప్పిన చెప్పిన అంటవు. ఎక్కనిది ఎట్ల ఎక్కియ్యాల్నో చెప్తలేవు!" అని నవనీత పట్టీ విసిరేసింది. అది బట్టలుతికే బండకు తగిలి ఖంగుమంది. ఆమె నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ కడుగుతూనే ఉంది. "రేపు పోయి ఉన్నమాట చెప్త. నాతోని కాలేదని చెప్త. ఊడ్చే పని ఉండనే ఉంది" అంది మా ఇద్దరికీ వీపు పెట్టి.

ఓంకార్ కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు. ట్యూబును మోకాళ్ళ నడుమ ఇరికించుకుని ఎడమచేత్తో గరుకు కాగితం రుద్దాడు. మందు రాశాడు. అతుకు మీది పొరను పళ్ళతో చీల్చి అంటించి, అరచేత్తో నొక్కిపట్టి అట్లాగే కూర్చున్నాడు. పిండికట్టు నిండా నల్ల మరకలు.

"అతుకు నేనేసిన. కడమది నీదే. రా" అన్నాడు.

ఆమె వచ్చింది. మళ్ళీ అదే జానెడు. ఓంకార్ ఆగలేక ఎడమచేయి పట్టీ మీద వేసి బలం పెట్టబోయాడు. విరిగిన చేయి కదిలి మొహం ముడుచుకుపోయింది.

అప్పటిదాకా నేను నోరు విప్పలేదు. అంతసేపు నేను ఊరుకోవడం ఆ గల్లీలో ఎవరూ చూసి ఉండరు. ఊరుకుని చూస్తున్నాను. నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల బస్తీల్లో గాజులు తొడిగిన చేతులు నావి. గాజు ఎక్కకపోతే గాజును నెట్టకూడదు. నెడితే అదీ పగులుతుంది, చేయీ తెగుతుంది. చేతినే చిన్నది చేయాలి. బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ళ మొదళ్ళు దగ్గరికి నొక్కిపడితే గాజు తనంతట తానే జారుతుంది. వీళ్ళిద్దరూ ఎక్కని చోటే పట్టుకుని కుస్తీ పడుతున్నారు. ఎక్కిన చోట, అవతలి వైపున, టైరు రిమ్ము అంచు మీదికి వచ్చి బిగుసుకుని ఉంది. అక్కడ బిగువుంటే ఇక్కడ వదులెక్కడిది?

"ఆగున్రి ఇద్దరు! ఓంకారూ, నువ్వు టైరు ఎక్కిచ్చేటప్పుడు కాళ్ళు ఏడ పెడ్తుంటివి?"

"కాళ్ళా? కాళ్ళతోని ఏం పని అవ్వా?"

"లేచి నిలబడి చూపియ్."

విసుక్కుంటూ లేచాడు. చక్రం ముందు నిలబడి వంగబోయాడో లేదో, రెండు కాళ్ళూ వాటంతట అవే ఎక్కని చోటికి ఎదురు వైపుకు పోయి టైరును తొక్కిపట్టాయి. టైరు అంచు రిమ్ము నడిమి గాడిలోకి దిగింది. ఇవతల జానెడు కాస్తా బెత్తెడయింది. ఓంకార్ తన కాళ్ళ వంక తానే చూసుకున్నాడు.

"అరె! పదేండ్ల సంది గిట్ల తొక్కుతున్ననా నేను?"

"నీ కాళ్ళకున్న తెలివి నీ నోటికి లేదు. నవనీతా, నా గూట్ల కొబ్బరినూనె ఉంది, తే."

"నూనె వద్దవ్వా, రబ్బరు ఖరాబైతది. సబ్బు నీళ్ళు రాయాలె" అన్నాడు ఓంకార్.

"నేనూ గదే అందామనుకున్న" అన్నాను. నవనీత పెదవి కొరుక్కుంది. నవ్వితే ఒక్కటిచ్చేదాన్ని.

టైరు అంచుకు సబ్బు నురగ పూసింది. అవతలి వైపు రెండు మోకాళ్ళూ ఆనించి, చక్రం మీదుగా వంగి ఇవతల పట్టీ పట్టుకుంది. ఇంకా సగం కూడా ఎత్తలేదు. టప్పుమని లోపలికి జారిపోయింది. పంపు కొడుతుంటే ఓంకార్ నేల మీదికి వంగి టైరుకు చెవి ఆనించాడు. మేమిద్దరం అతని మొహమే చూస్తున్నాం.

"సప్పుడు లేదు" అన్నాడు.

నవనీత నా వైపు తిరిగింది. మెచ్చుకుంటాననుకుంది కాబోలు.

"ఇప్పుడు మొత్తం ఊడదీసి మళ్ళ ఎక్కియ్. ఒక్కసారి అయితే పని వచ్చినట్టు కాదు" అన్నాను.

ఓంకార్ అయ్యో అన్నాడు గానీ ఆమె అనలేదు. గాలి తీసి, టైరు ఊడదీసి, మళ్ళీ ఎక్కించింది. ఈసారి మేమిద్దరం ఒక్క మాట సాయం చేయలేదు. చక్రం బండికి బిగించి, చైను వదులు వేలితో చూసుకుని లేచేసరికి నాలుగున్నర. మెంతికూర తెంపడం అవనే లేదు.

సోమవారం పొద్దున ఓంకార్ తెల్ల చొక్కా వేసుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"నువ్వేడికి?" అన్నాను.

"చక్రం ఊగుతుందో లేదో ఎనుక కూసుంటెనే తెలుస్తది" అని గంభీరంగా చెప్పి ఎక్కాడు. భార్య నడిపితే అతను వెనక కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఎడమచేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకున్నాడు. గల్లీ మలుపు తిరిగేటప్పుడు ఆ చేయి వచ్చి ఆమె భుజం మీద పడింది.

మధ్యాహ్నం దాకా నేను గేటు దగ్గరే ఏదో పని కల్పించుకున్నాను. వచ్చీ రాగానే ఓంకార్ లోపలికి పోయాడు, నవనీత నా పక్కన కూలబడింది. బేస్తవారం నుంచి పనిలోకి రమ్మన్నారట. రసజ్ఞ మేడం చక్రం తిప్పి చూసి, "చాలా బాగా వేశారండీ, ఎవరు?" అని ఓంకార్ వైపే చూసి అడిగిందట.

"నేను నోరు తెరవకముందే ఆయనే చెప్పిండవ్వా. 'ఆమెనే ఏసింది మేడం, నేను కుర్చీల కూసున్న' అన్నడు."

తర్వాత ఒక విడి చక్రం తెచ్చి ముందు పెట్టారట. ఐదారుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారట. ఈమె ఊడదీసి, ఎక్కించి చూపించింది.

"ఏమని చెప్పినవ్ వాళ్ళకు?"

"ఎక్కని కాడ కొట్లాడకున్రి, అవతలి పక్క మోకాళ్ళు పెట్టి గాడిలకు దించున్రి అని చెప్పిన."

"గాజులమ్మ చెప్పిందని చెప్పినవా?"

నవనీత తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు చెప్పలె?"

"నీ సంగతి చెప్తే ఆయన కాళ్ళ సంగతి గూడ చెప్పాలె. పదేండ్ల సంది చేసే పని ఆయనకే తెల్వదని అందరు నవ్వుతరు. ఆయన ఆడనే నిలబడి ఉండె గద అవ్వా" అంది మెల్లగా.

నాకు కోపం రావాలి. రాలేదు. లోపలినుంచి ఓంకార్ పిలిచాడు, ఒంటిచేత్తో చొక్కా గుండీలు విప్పుకోలేక. ఆమె లేచి లోపలికి వెళ్ళింది.