బడికి పిలిచే ఆయమ్మ

మా ఊరి బాప్టిస్టు ఆడపిల్లల బడి ఆయమ్మ పోయిన సోమవారం కన్నుమూసింది. అన్నయ్య పెళ్ళిపనులకి పుట్టింటికొచ్చి ఉన్నాను. పాలు పోసే మనిషి ఈ కబురు చెప్పగానే వంటింట్లో వాళ్ళంతా ఒకసారి అయ్యో అనుకుని మళ్ళీ పసుపు దంచడంలో పడ్డారు. నాకు మాత్రం చేతులాడలేదు.

పెద్ద పట్నాలవాళ్ళకి ఆయమ్మ ఉద్యోగమేమిటో చెప్పాలి. బొబ్బిలి వైపు మా ఊళ్ళో కోమటింటి ఆడపిల్ల ఒంటరిగా వీధిలో నడవకూడదు. అందుకని బడివాళ్ళే పొద్దున్నే మనిషిని పంపేవారు. ఆయమ్మ తెల్లచీర కట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని ఇంటింటి ముందూ నిలబడేది. పుట్టింది ఊరికి అవతలి పేటలో కనక అరుగు కూడా ఎక్కేది కాదు. వీధిలోంచే "బుల్లెమ్మా, బడికి ఏలయ్యింది" అని పిలిచేది. పదముగ్గురం పోగయ్యాక మా వెనకాల నడిచేది.

"బేగి నడవండమ్మా, గంట మనకోసం ఆగదు" అని రోజూ తొందరపెట్టేది. ఎవరి కాల్లోనైనా ముల్లు విరిగిందా, ఇక గంటా లేదు గింటా లేదు, దారిలో చతికిలబడి ముల్లు తీసేది. చదువురాని మనిషి. అయినా కిటికీ అవతల కూర్చుని వినీ వినీ ఎక్కాలన్నీ పట్టేసింది. పదమూడో ఎక్కం దగ్గర నేను తడబడినప్పుడల్లా వెనకనుంచి మెల్లిగా అందించేది. పరీక్షనాడు అందించమంటే మాత్రం చూపు అటు తిప్పుకుంది.

బడంటే రెండు పొడుగాటి పెంకుటిళ్ళు, సగం మెట్లు పలకని ఒక హార్మోనియం. యుద్ధం వచ్చాక బడి నడిపే దొరసాని ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. మిషనువాళ్ళు బడి మూసెయ్యమన్నారట. పెద్ద పంతులమ్మ మూయనంది. అప్పటినించీ ఆ బడికి పైన ఆదుకునేవాళ్ళెవరూ లేరు. ప్రార్థనప్పుడు మేం కళ్ళు మూసుకోకపోయినా ఆవిడ ఏమీ అనేది కాదు. మావాళ్ళు మమ్మల్ని పంపింది కుట్టూ అల్లికా వస్తాయని. పేటల నించి వచ్చిన హాస్టలు పిల్లల చాపలు వేరు, మా చాపలు వేరు. మంచినీళ్ళు ఇంటినించి మరచెంబుల్లో తెచ్చుకునేవాళ్ళం. బడి కుండ ముట్టకూడదు. మేం పదముగ్గురం మానేస్తే పిల్లలు చాలక సర్కారు గుర్తింపు పోతుందనీ, గుర్తింపు పోతే బడే పోతుందనీ అందరికీ తెలుసు.

నాకు పదకొండో ఏడు. ఎండాకాలం. నా మరచెంబు మూత ఊడి దారిలోనే ఒలికిపోయింది. మధ్యాహ్నానికి నాలిక పిడచకట్టుకుపోయింది. బడి కుండలోని నీళ్ళు పొయ్యమని ఆయమ్మని అడిగాను. వద్దంది. ఏడ్చాను. అటూ ఇటూ చూసి, నా దోసిట్లో పోసింది. ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తే.

పిల్లబుద్ధి కదా, సాయంత్రం ఆ సంగతి మా చెల్లెలితో గొప్పగా చెప్పాను. మామ్మ వింది. "నువ్వడిగావా, అది పోసిందా?" అంది. మామ్మ ఎదుట మా నాన్నే నోరెత్తడు. అదే పోసిందన్నాను.

మర్నాడు వీధిలో ఏ ఇంటినించీ పిల్లలు కదల్లేదు. మూడోనాటికి పెద్ద పంతులమ్మ ఆయమ్మని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మామ్మ అరుగు మీద, ఆయమ్మ వీధిలో. నేను తలుపు చాటున. పిల్ల అడిగిందా అని పంతులమ్మ గట్టిగానే అడిగింది. ఆయమ్మ ఒక్కసారి తలుపు వైపు చూసింది.

"నానే పోసినానండి. బుల్లెమ్మ అడగనేదు."

నేను అడిగానంటే నన్ను మాన్పిస్తారు. తను పోశానంటే తనని మాన్పిస్తారు. ఆవిడకి ఆలోచించుకోడానికి దొరికింది ఆ కాస్త సేపే. ఆ వారంలోనే మమ్మల్ని పిలవడానికి వేరే మనిషి వచ్చింది. బడి నిలిచింది, నేను ఎనిమిదో తరగతిదాకా చదువుకున్నాను. ఆయమ్మ ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్ళేది. ఈ నాలుగు ముక్కలు రాయడం వచ్చింది ఆవిడ ఉద్యోగం పోవడం వల్లనే.

పెళ్ళయి శృంగవరపుకోట వెళ్ళాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. కిందటేడు వచ్చినప్పుడు ఆవిడ ఇంటికి వెళ్ళి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఊరుకోమంటుందనుకున్నాను. ఊరుకోమనలేదు.

"నీ సదువు ఆగిపోతాదని ఆనాడు అలగన్నాను తల్లీ. మీ యీదిలో నన్ను సూస్తే ఇంకా మొగం తిప్పుకుంటన్నారు. నాను పోయేలోపల మీ మామ్మకి నిజం సెప్పు."

చెబుతానన్నాను. ఏడాది గడిచింది. కుదర్లేదని చెప్పుకోవచ్చు గానీ, కుదరకపోవడం కాదు. అత్తవారి దగ్గర పలచనైపోతానని భయపడ్డాను. నా చదువు కోసం ఆవిడ చేసినపాటి ధైర్యం నిజం కోసం నేను చెయ్యలేకపోయాను.

సోమవారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆవిడ వాకిట్లో, హాస్టలు పిల్లల మధ్య కూర్చున్నాను. పెద్ద పంతులమ్మ నన్ను చూసింది, పలకరించలేదు. శవప్పెట్టెలో ఆయమ్మకి తెల్లచీరే కట్టారు.

తిరిగొచ్చేసరికి కబురు నాకన్నా ముందే ఇల్లు చేరింది. చావింటి నించి, అందులోనూ ఆ పేట నించి వచ్చాను, ఇంట్లో శుభకార్యం. మామ్మ పెరటి గుమ్మం దగ్గరే ఆపి బావి దగ్గరికి నడవమంది. నీళ్ళు తనే తోడింది. చుట్టాలందరూ పెరట్లోకి వచ్చి చూస్తున్నారు.

"మామ్మా, ఆ రోజు నీళ్ళు నేనే అడిగాను. ఆయమ్మ పోయనంది. నేను ఏడిస్తే పోసింది."

మామ్మ ఆశ్చర్యపోలేదు.

"తెలుసునే. నువ్వడక్కుండా పోసే మడిసి కాదది" అంది. అని, నా నెత్తిన పొయ్యడానికి చెంబు ఎత్తి తల వంచమంది.

నేను వంచలేదు. మామ్మ చెంబు దించలేదు. అలా ఎదురెదురుగా నిలబడే ఉన్నాం. ఎత్తిన చెంబు ఒరిగిపోయి, నీళ్ళు ఆవిడ ముంజేతి మీంచే ధారగా కారిపోతున్నాయి.